పెద్దమ్మ గోల్ఫ్ కర్ర

గోల్ఫ్ చరిత్రలో పేరుతో సహా కనిపించే మొదటి స్త్రీ ఆట గెలిచి అక్కడికి చేరలేదు. నింద పడి చేరింది. 1567 ఫిబ్రవరిలో స్కాట్లాండ్ రాణి మేరీ రెండో భర్త డార్న్‌లీ ఎడింబరోలో హత్యకు గురయ్యాడు. మరుసటి ఏడాది ఆమె శత్రువులు తయారుచేసిన నేరాల జాబితాలో, భర్త పోయిన కొద్దిరోజులకే సీటన్‌లో గోల్ఫ్ ఆడిందన్నది కూడా ఒకటి. నిజంగా ఆడిందా లేదా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నాకు ఆ వాదన కంటే ఆరోపణే ఎక్కువ విషయం చెబుతుంది. ఒక ఆడమనిషి గుణం ఎలాంటిదో తేల్చడానికి ఆమె ఆడిన ఆట సాక్ష్యంగా పనికొచ్చింది. భర్త పోయిన మనిషి మూలకు కూచోవాలి, మైదానంలో కనబడకూడదు. సీటన్‌లోనూ వనపర్తిలోనూ లోకం తీరు ఇదే కాబోలు.

గోల్ఫ్ మీద రాస్తున్నానని చెబితే స్నేహితురాళ్ళు నవ్వారు. మన పత్రికల్లో ఆ మాట వచ్చిందంటే భూముల గురించో నీళ్ళ గురించో అయి ఉంటుంది. గోల్కొండ నయా ఖిల్లా గోడల లోపల, అబ్దుల్లా కుతుబ్‌షా కాలం నాటి కోట ఆవరణలో, శతాబ్దాల వయసున్న బావోబాబ్ చెట్టుకు దగ్గరలో ఇప్పుడు గోల్ఫ్ మైదానం ఉంది. అక్కడ సేద్యం చేసుకున్న కుటుంబాలు ఏమయ్యాయన్నది వేరే వ్యాసం. పద్దెనిమిది గుంటల పచ్చిక మైదానం ఒకటి రోజుకు లక్షల లీటర్ల నీళ్ళు తాగుతుంది. నల్లగొండ మనిషికి ఆ లెక్క చెబితే ఏమనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ విమర్శలో ఒక్క అక్షరం కూడా నేను వెనక్కి తీసుకోను. అయినా ఈ ఆట గురించి రాయాల్సి వచ్చింది, మా పెద్దమ్మ వల్ల. డెబ్బైకి దగ్గరపడ్డ మొగుడూపెళ్ళాలు ముప్ఫయ్యేళ్ళ తర్వాత మళ్ళీ ఆటకు పోతే, ఇద్దరూ ఒకే చోటి నుంచి బయలుదేరినట్టేనా? నాకు వచ్చిన ప్రశ్న ఇది.

మన దగ్గర భార్యాభర్తలు కలిసి ఆడే ఆట ఏది అని ఆలోచిస్తే పెళ్ళి తంతు దగ్గర ఆగిపోతాం. పూబంతులు విసురుకోవడం, బిందెలో చెయ్యిపెట్టి ఉంగరం వెతుక్కోవడం, చుట్టాలు చుట్టూ చేరి నవ్వుతుండగా ఒకరినొకరు ఓడించుకోవడం. రెండు మూడు రోజులు. ఆ తర్వాత దంపతులు ఆడుకోవాలని ఏ శాస్త్రమూ చెప్పదు, ఏ అత్తా చెప్పదు. మగవాళ్ళకు రచ్చబండ మీద పులిమేక ఉంటుంది, పేకాట ఉంటుంది. ఆడపిల్లల తొక్కుడుబిళ్ళ పెద్దమనిషి కావడంతోనే ఆగుతుంది. అచ్చనగండ్లు, ఓమనగుంటలు, పచ్చీసు ఇంకొన్నాళ్ళు సాగుతాయి, ఇంటి లోపల, పని తెమిలితే.

ఒక్క బతుకమ్మ మాత్రం దీనికి భిన్నం. తెలంగాణలో బతుకమ్మను పూజించడం కంటే ఆడటం ముఖ్యం. 'బతుకమ్మ ఆడబోతున్న' అనే అంటారు. పెళ్ళయిన బిడ్డ పుట్టింటికి తిరిగొచ్చి ఆడుతుంది, అరవయ్యేళ్ళ ముసలామె కూడా చప్పట్లు కొడుతూ చుట్టు తిరుగుతుంది. స్త్రీ ఏళ్ళ తర్వాత ఆటకు తిరిగి రావడానికి మన సంస్కృతిలో ఉన్న బాట అదొక్కటే. అయితే ఆ వలయంలో భర్త ఉండడు, తోబుట్టువులుంటారు. ఇంకో మాట కూడా చెప్పాలి. చాలా ఊళ్ళల్లో దళిత స్త్రీలకు ఆ పెద్ద వలయంలో చోటు ఉండేది కాదు, వాళ్ళ బతుకమ్మ వాళ్ళ వాడలోనే. 'మన ఆట' అన్నప్పుడు ఆ 'మన' కొంచెం తడబడాలి.

మా పెద్దమ్మది వనపర్తి. పెద్దనాయనది నల్లగొండ జిల్లా, సాగర్ ఎడమ కాలువ పోయే దారిలో ఒక ఊరు. వనపర్తి సంస్థానం వారి ప్యాలెస్‌లో 1959లో పాలిటెక్నిక్ మొదలైనప్పుడు తొలి ఏళ్ళలో చదువుకున్న పిల్లల్లో ఆయన ఒకడు. డిప్లొమా చేతికి రాగానే కాలువ పనుల్లో సూపర్‌వైజరుగా చేరాడు. నాగార్జునసాగర్‌కు నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేశాడు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలింది. ఈ రెండు తేదీలు మన పిల్లలు బళ్ళో బట్టీపడతారు. ఆ రెంటి మధ్య పన్నెండేళ్ళు తట్టలెత్తిన వాళ్ళ గురించి పాఠంలో ఉండదు.

పెద్దనాయన 1970ల మొదట్లో జాంబియా వెళ్ళాడు. 1964లో స్వతంత్రమైన ఆ దేశానికి ఇంజినీర్లూ టీచర్లూ డాక్టర్లూ కావలసి వచ్చారు, మన వాళ్ళు చాలామంది పోయారు. రాగి గనుల పట్నాలు అవి. ప్రతి పట్నానికీ గని కంపెనీల నాటి ఒక క్లబ్బు, క్లబ్బుకొక గోల్ఫ్ మైదానం. స్వాతంత్ర్యానికి ముందు తెల్లవాళ్ళకు మాత్రమే తెరిచిన తలుపులు ఆ తర్వాత నెమ్మదిగా మిగతా రంగులకూ తెరుచుకున్నాయి. అలా మా పెద్దనాయన గోల్ఫ్ నేర్చుకున్నాడు. పెద్దమ్మ నేర్చుకోవడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. పక్కింట్లో ఉండే స్కాట్లాండ్ నర్సు ఒకామె బుధవారం పొద్దున లేడీస్ డే అని చెయ్యిపట్టుకుని తీసుకుపోయింది. చీర కొంగు బొడ్లో చెక్కుకుని, కాన్వాసు బూట్లు వేసుకుని ఆడింది.

ఆ ప్రాంతపు మైదానాల్లో ఇంటి కప్పంత ఎత్తు చెదల పుట్టలుంటాయి, న్డోలా క్లబ్బయితే వాటికే పేరుపడింది. బంతి పుట్ట మీదికి పోతే అక్కడికెక్కి కొట్టాల్సిందే. "పుట్ట కనబడంగనే కాళ్ళకు చెప్పులిడుస్తుంటి బిడ్డా, పాలు పోయాలె గని కర్రతోని కొడుదునా" అని పెద్దమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

ఆమె ఆట గురించి రాసేటప్పుడు ఆ తీరిక ఎక్కడి నుంచి వచ్చిందో కూడా రాయాలి. ఇంట్లో వంటకూ బట్టలకూ ఒక మనిషి ఉండేవాడు. ఆమెకంటే పెద్దవాడు, పిల్లల తండ్రి, అయినా అందరూ 'హౌస్‌బాయ్' అనే పిలిచేవారు. మైదానంలో సంచి మోసే క్యాడీ పిల్లలు వేరే. వలస పాలకులు విడిచిపోయిన ఆ ఏర్పాటులోకి మన వాళ్ళు పెద్దగా ఇబ్బంది పడకుండానే సర్దుకున్నారు. ఒకామె బుధవారం మరొకరి వారమంతటి చాకిరీ మీద నిలబడింది. ఇది గోల్ఫ్‌కు మాత్రమే సంబంధించిన విషయం కాదనుకోండి. మనం రాసుకునే గంటలకూ వర్తిస్తుంది.

నాటి స్కోరు కార్డులు కొన్ని పెద్దమ్మ దగ్గర ఉన్నాయి. వాటి మీద ఆమె పేరు లేదు. 'మిసెస్' అన్న మాట, పెద్దనాయన ఇనీషియళ్ళు, ఇంటిపేరు. క్లబ్బు రికార్డుల్లో ఆడవాళ్ళ పేర్లు రాసే పద్ధతి అప్పట్లో చాలాచోట్ల అదే. ఆమె కొట్టిన దెబ్బలు ఆయన అక్షరాల కింద లెక్కకెక్కాయి.

ఈ ఆటలో స్త్రీలను ఎట్లా కుదించారో చూడాలంటే కొంచెం వెనక్కి పోవాలి. సెయింట్ ఆండ్రూస్‌లో 1867లో మొదలైన లేడీస్ క్లబ్బు గోల్ఫ్‌లోకెల్లా ముందు పుట్టిన మహిళా సంఘాల్లో ఒకటి. అక్కడ ఆడనిచ్చింది పట్టింగ్ మాత్రమే, అంటే గుంట దగ్గరి చిన్న దెబ్బ. 1890లో వచ్చిన ఒక ప్రసిద్ధ గోల్ఫ్ పుస్తకంలో లార్డ్ వెల్‌వుడ్ అనే పెద్దమనిషి, ఆడవాళ్ళ దెబ్బ డెబ్బై ఎనభై గజాలు దాటకూడదన్నాడు. వాళ్ళకు బలం చాలదని కాదట. కర్రను భుజం పైకెత్తితే ఆ భంగిమ ఆడవాళ్ళ దుస్తులకు నప్పదట! కలకత్తాలో మగవాళ్ళ క్లబ్బు 1829 నాటిది, అక్కడి లేడీస్ గోల్ఫ్ క్లబ్బు 1891లో వచ్చింది. 1754లో మొదలైన సెయింట్ ఆండ్రూస్ రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బు స్త్రీలను సభ్యులుగా తీసుకోవడానికి ఒప్పుకున్నది 2014లో. అమెరికాలో అగస్టా నేషనల్ 2012లో ఇద్దరిని చేర్చుకుంది. స్కాట్లాండ్‌లోని మ్యూర్‌ఫీల్డ్‌లో 2016 ఓటింగులో వద్దన్నారు, 2017లో మళ్ళీ ఓటింగు పెట్టి సరేనన్నారు. ఈ తేదీలు చదువుతుంటే నాకు కోపం కంటే విసుగే ఎక్కువ వస్తుంది.

నన్ను ఆపింది వేరే. 1893లో ఇంగ్లండులో లేడీస్ గోల్ఫ్ యూనియన్ ఏర్పడింది. ఇసెట్ పియర్సన్ అనే ఆమె దాని మొదటి కార్యదర్శి. ఆ ఏడాదే మొదటి మహిళా చాంపియన్‌షిప్ పెట్టారు, ఫైనల్లో పియర్సన్‌ను లేడీ మార్గరెట్ స్కాట్ ఓడించింది. మరుసటి రెండేళ్ళూ కూడా మార్గరెట్టే గెలిచింది. మూడుసార్లు గెలిచి ఆగిపోయింది, 1897లో పెళ్ళయింది. ఆ చాంపియన్‌షిప్ చరిత్రలో ఆమె పేరు ఆ మూడేళ్ళతో సరి. ఓడిన పియర్సన్ మాత్రం గెలుపుల కంటే ఎక్కువ కాలం నిలిచే పని ఒకటి చేసింది. దేశంలోని ఆడవాళ్ళ క్లబ్బులన్నిటికీ వర్తించే ఒకే హ్యాండీక్యాప్ లెక్క తయారుచేసింది. మగవాళ్ళ సంఘాలు అటువంటి ఉమ్మడి లెక్కకు రావడానికి 1920ల దాకా పట్టింది.

ఆటలో హ్యాండీక్యాప్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. పద్దెనిమిది గుంటలూ ముగించడానికి మంచి ఆటగాడికి సుమారు 72 దెబ్బలు పడతాయనుకుందాం. నాకు మామూలుగా నూటెనిమిది పడితే నా హ్యాండీక్యాప్ సుమారు 36. ఆట చివర నా మొత్తంలోంచి 36 తీసేస్తారు. అప్పుడు చాంపియనూ నేనూ ఒకే గట్టు మీద నిలబడతాం. వయసు, ఒంటి బలం, అలవాటు తప్పిన చేతులు, అన్నిటినీ ఒక అంకెలోకి తెచ్చి, దాన్ని సిగ్గుపడాల్సిన లోపంగా కాక ఆడటానికి ఇచ్చిన హక్కుగా రాసిపెట్టడం. ముసలి మొగుడూపెళ్ళాలు ఒకే మైదానంలో నిజంగా పోటీపడి ఆడగలిగే ఆటలు చాలా తక్కువ. గోల్ఫ్ వాటిలో ఒకటి కావడానికి కారణం ఈ లెక్క, ఈ లెక్కను దేశవ్యాప్తంగా ముందు నిలబెట్టింది స్త్రీలు. ఓడిపోవడం అంటే ఏమిటో, మొదటి నుంచీ వెనక నిలబడటం అంటే ఏమిటో తెలిసిన వాళ్ళకే ఇది ముందు తట్టిందని నా అనుమానం.

ఇంగ్లీషు నిఘంటువుల ప్రకారం ఆ మాట 'హ్యాండ్ ఇన్ క్యాప్' నుంచి వచ్చింది. వస్తువులు మార్చుకునే బేరంలో ఎక్కువతక్కువల్ని మధ్యవర్తి తూచి చెబితే, టోపీలో చెయ్యిపెట్టి ఒప్పుకోవడమో కాదనడమో చేసేవారు. తర్వాత గుర్రప్పందాలకు పోయింది, అక్కడి నుంచి గోల్ఫ్‌కు. అంగవైకల్యం అన్న అర్థం చివర్న వచ్చింది. మా నల్లగొండలో తెలిసింది ఈ చివరి అర్థమే. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్ళల్లో గ్రానైటు రాళ్ళ అడుగు నీళ్ళల్లో ఫ్లోరైడు తాగి తాగి బొక్కలు వంగిపోయాయి. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్న ఫ్లోరైడు అక్కడ అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఆ నీటిని పటికతో, సున్నంతో శుభ్రం చేసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించి దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. జబ్బు పేరుతో కాక మందు పేరుతో ఒక ఊరు ప్రపంచానికి తెలియడం కొంత నయమే. కానీ మందు పేరు తిరిగినంత దూరం మందు తిరగలేదు. 2016లో మిషన్ భగీరథ మొదలై కృష్ణ నీళ్ళు ఊళ్ళకు చేరాక కొత్త తరం తప్పించుకోవచ్చు. వంగిన వెన్నులు మాత్రం నీళ్ళు మారితే లేవవు. కాల్షియం తక్కువ తిండి తిన్న ఒళ్ళకు ఆ జబ్బు ఇంకా చేటు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినేది ఎవరో మనకు తెలుసు.

ఆ ఊళ్ళల్లో 'హ్యాండీక్యాప్ క్యాంపు' అంటే సర్టిఫికెట్ ఇచ్చే చోటు. డాక్టరు చూసి వైకల్యం ఎంత శాతమో రాస్తాడు. నలభైకి తగ్గితే పింఛను లేదు. ఒకే మాట, రెండు అంకెలు. ఒక అంకె ఆడటానికి, ఇంకోటి బతకడానికి. ఒకదాంట్లో మనిషి కష్టాన్ని నమ్మి లెక్కలో వేస్తారు, రెండోదాంట్లో వరసలో నిలబెట్టి రుజువు చేసుకోమంటారు. అరవై దాటాక ఆటకు తిరిగి పోవాలంటే ముందు భుజం తిరగాలి, నడుము తిరగాలి, మెడ నిలవాలి. మర్రిగూడ వైపు అదే వయసు ఆడవాళ్ళల్లో ఎందరికి మెడ తిరుగుతుందో ఆలోచిస్తే, ఆటకు తిరిగి రావడం అన్న మాటే ఎంతటి సంపన్నమైన మాటో తెలుస్తుంది.

1984లో పెద్దమ్మా వాళ్ళూ తిరిగొచ్చారు. రాగి ధర పడిపోయి ఆ దేశం అప్పుల్లో కూరుకుపోయిన కాలం. నల్లగొండ పట్నంలో ఇల్లు కట్టుకున్నారు. సామాన్లలో రెండు గోల్ఫ్ సంచులు వచ్చాయి. పెద్దనాయన సంచి అటక మీదికి పోయింది. పెద్దమ్మ సంచిలోంచి ఒక కర్ర, ఏడో నంబరు ఐరన్, వంటింటి తలుపు వెనక నిలబడింది. కోతుల్ని అదిలించడానికి, పెరట్లో సీతాఫలాలు రాల్చడానికి. పాలమూరు బాలానగర్ సీతాఫలాలకు దేశమంతా పేరుంది గదా, ఆ గింజలు పుట్టింటి నుంచి తెచ్చి నాటుకుంది. చిన్నప్పుడు నేను ఆ కర్రను సీతాఫలాల కర్ర అనే అనుకున్నాను.

ఇక్కడే నేను మొదట అడిగిన ప్రశ్నకు వస్తాను. అందరూ 'వాళ్ళిద్దరూ ముప్ఫయ్యేళ్ళు ఆట మానేశారు' అంటారు. పెద్దనాయన గోల్ఫ్ మానేశాడు, ఆట మానలేదు. సాయంత్రం షటిల్ ఉంది, ఆదివారం పేకాట ఉంది, స్నేహితులున్నారు. పెద్దమ్మకు పక్షవాతం వచ్చిన అత్త ఉంది, తొమ్మిదేళ్ళు. తర్వాత కూతురి పురుళ్ళు, మనవళ్ళు. ఆయన విరామం ఒక ఆట నుంచి. ఆమె విరామం ఆడటం అన్నదాని నుంచే. కాబట్టి ఇద్దరూ ఒకే రోజు ఒకే మైదానానికి పోయినా, ఇద్దరి తిరుగు ప్రయాణం దూరం ఒకటి కాదు.

తిరిగి రావడం అన్న మాటకు మన జిల్లాలో ఒక చరిత్ర కూడా ఉంది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివిన వాళ్ళకు గుర్తుంటుంది. 1951లో సాయుధ పోరాటం విరమించాక తుపాకులు పట్టిన ఆడవాళ్ళను ఇళ్ళకు పొమ్మన్నారు. స్త్రీ తిరిగి రావడం అంటే ఎప్పుడూ వంటింటికే. మల్లు స్వరాజ్యం గారు పదిహేనూ ఇరవయ్యేళ్ళ వయసులో అడవుల్లో తిరిగి, పెళ్ళి, పిల్లల తర్వాత, 1978లో తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచినప్పుడు ఆ దిశ ఒక్కసారి తిరగబడింది. పోరాటాన్నీ గోల్ఫ్‌నూ ఒక పేరాలో పెట్టినందుకు కొందరికి కోపం రావచ్చు. బరువులు ఒకటి కావు, ఒప్పుకుంటాను. తలుపు మాత్రం ఒకటే.

జంటగా తిరిగి ఆడిన వాళ్ళల్లో నాకు ఇష్టమైన మనిషి జాయిస్ వెదర్డ్. 1901లో పుట్టింది. బ్రిటిష్ మహిళా చాంపియన్‌షిప్ 1922, 1924, 1925లలో గెలిచి ఇక చాలని తప్పుకుంది. 1929లో పోటీ సెయింట్ ఆండ్రూస్‌లో పెట్టారని తెలిసి తిరిగొచ్చింది, ఫైనల్లో అమెరికా చాంపియన్ గ్లెనా కాలెట్‌ను ఓడించి మళ్ళీ తప్పుకుంది. ఆ కాలపు మహా ఆటగాడు బాబీ జోన్స్ ఆడవాళ్ళల్లోనే కాదు, మగవాళ్ళల్లో కూడా ఇంత బాగా ఆడే మనిషిని చూడలేదన్నాడు. తర్వాత ఆమెకు సంపాదన అవసరమై లండన్‌లో ఒక పెద్ద దుకాణం గోల్ఫ్ విభాగంలో పనిచేసింది. ఆ కారణంగా అమెచ్యూర్ హోదా పోయింది. జీతం తీసుకున్న ఆడది ఇక సరదా కోసం ఆడినట్టు కాదని నియమం. 1935లో అమెరికా అంతా తిరిగి డబ్బుకు ఆడింది, 1937లో పెళ్ళి చేసుకుంది. యుద్ధం తర్వాత అమెచ్యూర్ హోదా తిరిగొచ్చాక, మిశ్రమ జంటల పోటీల్లో ఒకప్పుడు ఎనిమిదిసార్లు వేరే మగవాళ్ళతో గెలిచిన మనిషి భర్తతో కలిసి ఆడింది. ఆ జంటలో ఎవరు మెరుగైన ఆటగాళ్ళో లోకానికంతా తెలుసు, భర్తకూ తెలుసు. తర్వాత ఇద్దరూ డెవన్‌లోని తమ ఇంటి తోట మీద పడ్డారు. ఆ తోట ఇప్పుడు జనం చూడటానికి తెరిచి ఉంది. ఆయనకు ఆమె నీడలో ఆడటం ఎట్లా ఉండేదో ఎవరైనా రాసి ఉంటే చదవాలని ఉంది.

మా ఇంట్లో అది తలకిందులు. 2012లో పెద్దనాయన స్నేహితుడి కొడుకు హైదరాబాదు అంచున ఉన్న ఒక మైదానానికి అతిథులుగా తీసుకుపోయాడు. పెద్దనాయనకు డెబ్బై దాటింది, పెద్దమ్మకు అరవై నాలుగు. జాంబియాలో ఆయన హ్యాండీక్యాప్ 14. ఆ అంకెను ముప్ఫయ్యేళ్ళు డిగ్రీ పట్టాలా మోసుకున్నాడు. ఇప్పుడు లెక్కేస్తే 27 వచ్చింది. ఆయన మొహం పాలిపోయింది. నాలుగైదు నెలలు పోయాడు, ప్రతిసారీ కర్రదే తప్పన్నాడు, గడ్డిదే తప్పన్నాడు, చివరికి నడుం నొప్పి అని మానేశాడు.

పెద్దమ్మకు 36 రాసిచ్చారు. అప్పట్లో ఆడవాళ్ళకు అదే గరిష్ఠం, మగవాళ్ళకు 28. 2020లో ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి వచ్చి అందరికీ 54 దాకా పెంచారు. ఆమె ఆ కార్డు పర్సులో పెట్టుకుంది. సిగ్గనిపించలేదా అని అడిగాను. "సిగ్గెందుకు బిడ్డా? అరవయ్యేండ్లల్ల నా లోటు ఎంతనో లెక్కజేసి కాయితం మీద రాసిచ్చినోళ్ళు ఎవ్వరన్న ఉన్నరా?" అంది. కార్డు మీద ఈసారి ఆమె పేరే ఉంది.

స్నేహితుడి కొడుకు భార్యతో కలిసి నెలకు రెండుసార్లు పోతుంది. తొమ్మిది గుంటలే. మోకాళ్ళు అంతకంటే ఒప్పుకోవు. పెద్దనాయన కారులో కూచుని పేపరు చదువుతాడు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచినప్పుడు, వెనక సంచి మోసింది ఆమె తల్లి అని తెలిసి పెద్దమ్మ చాలాసేపు ఆ మాటే మాట్లాడింది. తండ్రి 2016లో రియోలో మోశాడని చెబితే, "ఆయన మోస్తె ముచ్చటైతది, ఆమె మోస్తె పనైతది" అంది. 2023లో తెలుగు తల్లిదండ్రుల కొడుకు సాహిత్ తీగల అమెరికాలో పీజీఏ టూర్ టోర్నీ గెలిచాక చుట్టాలంతా పెద్దనాయనకు ఫోన్లు చేశారు. ఆడుతున్నది పెద్దమ్మ.

జంట అన్న మాట గురించి ఒక సంగతి మిగిలింది. నా వేరే పని కోసం పెద్దనాయనను కాలువ రోజుల గురించి రికార్డు చేస్తున్నాను. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు, తర్వాత నగరాలు. గుంపు మేస్త్రి ఊరికొచ్చి అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోతాడు. మట్టిపనికి విడి మనిషిని కాదు, జంటను మాట్లాడుకుంటారు. మగవాడు గడ్డపారతో తవ్వుతాడు, ఆడమనిషి తట్టకెత్తుకుని గట్టెక్కి పోస్తుంది. తవ్వినంత కొలిచి లెక్క కడతారు, డబ్బు మగవాడి చేతికి. ఆ జంటలు ఎక్కువగా దళిత, వెనకబడిన కులాల వాళ్ళు, లంబాడీలు. మా ఇల్లు భూములున్న ఇల్లు, మా వాళ్ళు కొలిచే వైపు నిలబడ్డారు. తవ్వడానికి కొలత ఉంది, మోయడానికి లేదు. గట్టు పెరిగే కొద్దీ ఎక్కవలసిన ఎత్తు పెరుగుతుంది, తట్ట బరువు తగ్గదు. కడుపుతో ఉన్నా, బాలింతైనా ఒకే రేటు. హ్యాండీక్యాప్ లెక్క కట్టిన వాళ్ళెవరూ ఆ గట్టు మీద లేరు.

పెద్దనాయన పుస్తకం ఎట్లా రాసేవాడో వివరంగా చెప్పాడు. ఆయన జ్ఞాపకం పదునైనది, ఏ కిలోమీటరు దగ్గర రాయి తగిలిందో, ఏ ఏడు గట్టు తెగిందో చెప్పగలడు. జంటకొక వరస రాసేవాళ్ళం అన్నాడు. పేరు మగవాడిది, వేలిముద్ర మగవాడిది, పక్కన 'జంట 1' అని. పెద్దమ్మ అప్పుడే మైదానం నుంచి వచ్చి, బూట్లు విప్పి, మోకాలికి నూనె రాసుకుంటూ వింటున్నది.

"ఆ ఆడోళ్ళ పేర్లు ఒక్కటన్న యాదికున్నదా?" అని అడిగింది.

ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు. ముగ్గురు మగవాళ్ళ పేర్లు చెప్పాడు, ఒకరి ఊరు కూడా చెప్పాడు. రికార్డరు ఇంకా నడుస్తూనే ఉంది. పెద్దమ్మ నూనె సీసా మూత పెట్టి, ఇంకో మోకాలు ముందుకు చాపుకుంది.